లాటిన్ పరీక్ష, మోటుపల్లి శాసనం

ఉగాది వేడుకల్లోనో, దీపావళి విందులోనో మన తెలుగువాళ్ళు నలుగురు కలిస్తే కుశలప్రశ్నల తర్వాత వచ్చే మొదటి ప్రశ్న "మీ పిల్లలు ఏం చదువుతున్నారండీ?" అన్నదే. జవాబులు కూడా మనకు కంఠతా వచ్చినవే: మెడిసిన్, ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, ఫార్మసీ, అకౌంటింగ్. ఈ జాబితాలో లేని పేరు ఏదైనా చెబితే, అడిగినవారు ఒక్క క్షణం ఆగి, "ఓహో, మంచిదే" అని గారె అందుకుంటారు. మా అమ్మాయి చదివినది "మిడీవల్ స్టడీస్", అంటే మధ్యయుగాల అధ్యయనం. కనుక ఆ "ఓహో, మంచిదే" నాకు బాగా పరిచయం.

అయితే అంతటితో వదలకుండా పక్కకు పిలిచి అడిగేవారూ ఉన్నారు. "అందులో ఏం నేర్పుతారు? పరీక్షలు ఎలా ఉంటాయి? చదివాక ఏం చేస్తారు?" ఇవి మంచి ప్రశ్నలు. పిల్ల ఆ చదువులో చేరతానన్నప్పుడు నేనూ ఇవే అడిగాను. మన సభ్యుల ఇళ్ళలో రేపు ఇంకో అమ్మాయో అబ్బాయో ఇదే మాట అనవచ్చు. అప్పుడు తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని నేను తెలుసుకున్నది నాలుగు ముక్కలుగా ఇక్కడ రాస్తున్నాను.

మధ్యయుగాలంటే ఎప్పుడు?

ఐరోపా చరిత్రలో సుమారు క్రీ.శ. 500 నుంచి 1500 వరకు గల వెయ్యేళ్ళను మధ్యయుగాలంటారు. రోమన్ సామ్రాజ్యం పడమట కూలిన నాటి నుంచి అచ్చుయంత్రం వచ్చి, కొలంబస్ సముద్రం దాటిన కాలం దాకా అన్నమాట. ఇది మనకు సంబంధం లేని సంగతిలా కనిపిస్తుంది. కాని ఒక్కసారి మన లెక్క తీయండి. పూర్తిగా తెలుగులో రాసిన తొలి శాసనాల్లో ఒకటిగా చెప్పే కడప జిల్లా కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిది. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కింది 1509లో. అంటే తెలుగు రాత పుట్టి, పెరిగి, ప్రబంధాల దాకా వచ్చిన వెయ్యేళ్ళూ సరిగ్గా ఆ వెయ్యేళ్ళే!

ఇంకొక ముచ్చట. కెనడాకు మధ్యయుగాలు లేవని చాలామంది అనుకుంటారు. న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు కొసన లాన్స్ ఒ మెడోస్ అనే చోట 1960లో నార్వే దంపతులు ఇంగ్‌స్టాడ్‌లు వైకింగుల ఇళ్ళ ఆనవాళ్ళు కనుగొన్నారు. అక్కడ దొరికిన కొయ్యముక్కల్లోని వలయాలు లెక్కపెట్టి, ఆ చెట్లు 1021లో నరికినవని శాస్త్రజ్ఞులు 2021లో తేల్చారు. ఆ మరుసటి సంవత్సరం, 1022లో, రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడికి పట్టాభిషేకం జరిగింది. ఆయన కొలువులోనే నన్నయభట్టు భారతాన్ని తెనిగించడం మొదలుపెట్టాడు. మనం వదిలి వచ్చిన దేశానికీ, వచ్చి చేరిన దేశానికీ ఆ ఏళ్ళలో ఏం జరుగుతోందో పక్కపక్కన పెట్టి చూడడం నాకైతే భలే సరదాగా అనిపించింది.

టొరంటో ఎందుకు?

కోటలూ, పాత చర్చిలూ ఐరోపాలో ఉంటే ఆ చదువుకు టొరంటో ఏమిటని మీకు సందేహం రావచ్చు. 1929లో ఎటియెన్ జిల్సన్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త, బసీలియన్ ఫాదర్లతో కలిసి ఇక్కడి సెయింట్ మైకేల్స్ కాలేజీలో మధ్యయుగాల అధ్యయనానికి ఒక సంస్థ పెట్టాడు. 1939లో పోపుగారి అనుమతిపత్రం రావడంతో అది పాంటిఫికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది. ఫ్రెంచివారి వైపు చూస్తే, 1930లో డొమినికన్ సన్యాసులు ఒట్టావాలో ఇటువంటిదే ఒకటి ప్రారంభించి, 1942లో మాంట్రియాల్‌కు తరలించారు. టొరంటో విశ్వవిద్యాలయం తన సొంత మధ్యయుగాల అధ్యయన కేంద్రాన్ని 1964లో నెలకొల్పింది. చరిత్ర, సాహిత్యం, తత్త్వం, చట్టం, సంగీతం ఇలా వేర్వేరు శాఖల ఆచార్యులను ఒక కప్పు కిందికి తెచ్చింది ఆ కేంద్రం. 1150కు పూర్వపు ఇంగ్లీషుకు నిఘంటువు తయారుచేసే మహాకార్యం 1970 ప్రాంతంలో మొదలైనదీ ఇక్కడే. మిగిలివున్న ఆ పాత ఇంగ్లీషు రాతలన్నీ కలిపితే దాదాపు 30 లక్షల మాటలు. వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కొక్క అక్షరమే పూర్తిచేస్తూ 2018కి "ఐ" అక్షరం దాకా వచ్చారు. ఓపిక అంటే అదీ!

కాబట్టి ఈ చదువు కోసం ప్రపంచం నలుమూలల నుంచీ విద్యార్థులు మన ఊరికే వస్తారు. కింద చెప్పే పద్ధతికి ఎక్కువగా టొరంటోనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. వివరాలు ఏటా కాస్త అటూఇటూ అవుతుంటాయి గనుక చేరేవారు ఆ సంవత్సరపు నియమావళి చూసుకోవాలి.

ముందు భాష

ఈ చదువులో మొదటి గుమ్మం లాటిన్. వెయ్యేళ్ళ పాటు ఐరోపాలో రాజశాసనమైనా, కోర్టు తీర్పైనా, వైద్యగ్రంథమైనా, మఠం జమాఖర్చైనా ఎక్కువ భాగం లాటిన్‌లోనే రాశారు. మనకు సంస్కృతం ఎలాగో వాళ్ళకు లాటిన్ అలాగ. అందుకని టొరంటోలో లాటిన్‌కు రెండు మెట్ల పరీక్ష ఉంది. మొదటి మెట్టు ఎం.ఏ. వారికి, రెండోది పిహెచ్.డి. వారికి. సెప్టెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెడతారు. అప్పుడెప్పుడో బట్టీపట్టిన వ్యాకరణం అప్పజెపితే చాలదు. గద్యమూ, పద్యమూ ముందు పెట్టి, దీని అర్థం రాయమంటారు. ఫలితం అయితే గట్టెక్కినట్టు, లేకపోతే లేనట్టు. ఫస్టు క్లాసు, డిస్టింక్షను వంటివి లేవు. మొదటి దఫాలో తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కేవారు ఉంటారు. దాన్ని అక్కడ ఎవరూ తలవంపుగా చూడరు.

పిహెచ్.డి.కి వెళ్ళేవారు ఇది చాలక ఫ్రెంచి, జర్మన్ భాషల్లో పుస్తకాలు చదవగలిగి ఉండాలి. ఎందుకంటే గత రెండు వందల ఏళ్ళలో ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలో పెద్ద భాగం ఆ భాషల్లోనే ఉంది. ఎంచుకున్న విషయాన్ని బట్టి పాత ఇంగ్లీషు, పాత నార్స్, గ్రీకు, అరబిక్, హీబ్రూ కూడా అవసరం కావచ్చు.

తర్వాత లిపి

భాష వచ్చినంత మాత్రాన పాత ప్రతి చదవలేరు. దానికి ప్రాచీన లిపిశాస్త్రం వేరే నేర్పుతారు. దొడ్డిలోని గొర్రెల తోలూ, దూడల తోలూ శుభ్రం చేసి, సున్నపునీటిలో నానబెట్టి, సాగదీసి, ఆరబెట్టి, దాని మీద ఈకతో రాసేవారు. ఈ సంగతి ఫోనులో చెబితే మా అమ్మ, "అయ్యో, వేదాంతం రాయడానికి తోలేమిట్రా? తాటాకులు లేవూ?" అంది. ఆ చలిదేశాల్లో తాటిచెట్లు లేవని నచ్చజెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

తోలు ఖరీదు గనుక రాసేవాళ్ళు మాటలన్నీ కుదించేవారు. అక్షరం పైన చిన్న గీత పెడితే అక్కడ ఒక "మ"కారమో "న"కారమో దాక్కుందని అర్థం. గోథిక్ రాతలో ఐ, ఎమ్, ఎన్, యు అక్షరాలన్నీ ఒకే రకం నిలువు గీతలు. పది గీతలు వరసగా ఉంటే అవి ఏ మాటో సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. ఏ శతాబ్దంలో ఏ రాత నడిచిందో, ఏ ప్రాంతపు రాయసగాడు ఏ అక్షరాన్ని ఎలా వంచేవాడో చూపు పట్టాలి. లెనార్డ్ బాయిల్ అనే ఐరిష్ డొమినికన్ గురువు టొరంటోలో ఈ విద్యను 20 ఏళ్ళకు పైగా నేర్పి, 1984లో వాటికన్ గ్రంథాలయానికే అధిపతిగా వెళ్ళాడు. ఇక్కడి శిక్షణకు ఎంత పేరుందో చెప్పడానికి ఆ ఒక్కటీ చాలు.

మార్కుల సంగతి

మనలో చాలామంది 35 మార్కులకు పాసయ్యే లోకంలో పెరిగినవాళ్ళం. టొరంటో గ్రాడ్యుయేట్ స్కూల్లో 70కి తక్కువ వస్తే ఆ కోర్సు తప్పినట్టే. 70 నుంచి 79 దాకా బి తరగతులు, 80 దాటితే ఎ తరగతులు. సి, డి అనే గ్రేడ్లే లేవు. ఎం.ఏ. సాధారణంగా ఏడాది చదువు. కోర్సుల్లో ఎక్కువ భాగం చిన్న సెమినార్లు. పది మంది బల్ల చుట్టూ కూర్చుని ఒక పుటను ముక్కముక్కగా విడదీస్తారు. వారం వారం చదివిన దాని మీద మాట్లాడాలి, ఒక నివేదిక ఇవ్వాలి, చివర ఒక పెద్ద వ్యాసం రాయాలి. వ్యాసంలో చెప్పే ప్రతి మాటకూ మూలం చూపించాలి. "పెద్దలు చెప్పారు" అంటే కుదరదు. ఏ పెద్ద, ఏ ప్రతిలో, ఏ పుటలో చెప్పాడని అడుగుతారు.

పిహెచ్.డి.లో కోర్సుల తర్వాత తమ రంగమంతటి మీద పరీక్ష ఉంటుంది. అది దాటాక సిద్ధాంత వ్యాసం. పూర్తికాలపు విద్యార్థికి మొత్తం గడువు ఆరేళ్ళు. చివర వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒక పండితుడు వ్యాసం చదివి తన అభిప్రాయం రాసి పంపుతాడు. అది అభ్యర్థికి ముందే చూపిస్తారు. ఆపైన మౌఖిక పరీక్ష. నలుగురికి తగ్గకుండా, ఆరుగురికి మించకుండా పరీక్షకులు కూర్చుని ప్రశ్నిస్తారు, ఓటు వేస్తారు. ఒక్కరు కాదన్నా ఫరవాలేదు, ఇద్దరు కాదంటే ఆ రోజుకు ఆగినట్టే.

తమాషా ఏమిటంటే, ఈ తతంగమంతా మధ్యయుగాల నుంచి వచ్చిందే. బ్యాచిలర్, మాస్టర్, డాక్టర్ అనే పట్టాలు, స్నాతకోత్సవంలో వేసుకునే పొడుగు అంగీలు, పదిమంది ముందు తన వాదాన్ని నిలబెట్టుకోవడం – ఇవన్నీ పారిస్, బొలోన్యా విద్యాలయాల నుంచి మొదలైనవి. మన పిల్లలు ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నా ఆ పాత అంగీయే తొడుక్కుంటారు. మనకూ ఆ సంప్రదాయం కొత్తదేమీ కాదు. శ్రీనాథుడు విజయనగరంలో గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి, ఆయన కంచుఢక్క పగలగొట్టించాడన్న కథ మనం చిన్నప్పుడే విన్నాం. పరీక్షకుల ఢక్కలు పగలగొట్టే ఆచారం మాత్రం టొరంటోలో లేదట!

అసలు పరీక్షించేది ఏమిటి?

ఇంత తతంగంతో వాళ్ళు చూసేది ఒక్కటే. ఎదురుగా ఉన్న పాత కాగితాన్ని ఈ మనిషి ఎవరి సాయమూ లేకుండా తానే చదవగలడా? చదివింది ఎంతవరకు నమ్మాలో తేల్చగలడా? దీనికి మన ఇంటి ఉదాహరణే చెబుతాను.

ఒకరోజు మా అమ్మాయి, "నాన్నా, మార్కో పోలో మన రాణి గురించి రాశాడు, తెలుసా?" అంది. వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన గ్రంథంలో "ముట్‌ఫిలి" అనే రాజ్యాన్ని వర్ణించాడు. అది మన మోటుపల్లి రేవు. అక్కడి వజ్రాలనూ, సాలెగూడులా సన్నగా నేసే బట్టలనూ మెచ్చుకున్నాడు. ఆ దేశాన్ని ఒక రాణి సుమారు 40 ఏళ్ళుగా ధర్మంగా ఏలుతోందని, భర్త అయిన రాజు పోయాక ఆమె రాజ్యం చేపట్టిందని రాశాడు. ఈ గ్రంథం 14వ శతాబ్దం మొదట్లోనే లాటిన్‌లోకి వెళ్ళింది. ఐరోపా పండితులు మన దేశాన్ని గురించి చదివినది ఆ లాటిన్‌లోనే. మా అమ్మాయి దాన్ని లాటిన్‌లోనే చదివి నాకు అర్థం చెప్పింది.

ఆ రాణి రుద్రమదేవి అని మీరు గ్రహించే ఉంటారు. కాని అక్కడొక చిక్కుంది. రుద్రమ గణపతిదేవుని భార్య కాదు, కూతురు. మార్కో పోలో మాట నమ్మి పూర్వం కొన్ని చరిత్ర పుస్తకాల్లో కూడా ఆమెను గణపతిదేవుని భార్యగానే రాశారు. ఆ చిక్కు విడగొట్టినవి మన శాసనాలు. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. అందులో రుద్రమ గణపతిదేవుని కూతురని స్పష్టంగా ఉంది. అదే శాసనంలో మందడంలో ఒక మఠానికీ, విద్యాలయానికీ, ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ చేసిన ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఇక మోటుపల్లిలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాక్కునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ముట్టనని ఆయన అందులో వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు – దేనికెంత సుంకమో కూడా రాసి ఉంది.

వెనిస్ వర్తకుడి మాటను సరిదిద్దాలంటే లాటిన్ వచ్చినవాడు ఒకడు, శాసనం చదవగలిగినవాడు ఒకడు కావాలి. రెండూ ఒకరికే వస్తే ఇంకేం కావాలి!

మన కట్ట విప్పేదెవరు?

ఇక్కడే నన్ను ఆలోచింపజేసిన మాట ఒకటి వచ్చింది. మా స్వగ్రామంలో పెద్దింటి అటక మీద తాతలనాటి తాటాకుల కట్ట ఒకటి ఉంది. ఎర్రగుడ్డలో చుట్టి ఉంటుంది. దసరాకు దించి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ పైన పెడతారు. వైద్యమో, జ్యోతిషమో, పద్యకావ్యమో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి విని మా అమ్మాయి, "ఎవరైనా చదివారా నాన్నా?" అంది. చదివేవాళ్ళు లేరన్నాను. "లాటిన్ నేర్చుకోవడానికి నాకు వాళ్ళు రెండేళ్ళిచ్చారు. రాకపోతే పట్టా ఇవ్వమన్నారు. తెలుగు చదవడానికి నాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అంది.

ఆలోచిస్తే ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో, చెన్నైలో, తంజావూరు సరస్వతీమహల్‌లో తెలుగు తాళపత్రాలు రాశులుగా ఉన్నాయి. మానవల్లి రామకృష్ణకవిగారు వెదకి తీసి 1909లో అచ్చు వేయించకపోతే నన్నెచోడుని కుమారసంభవం మనకు దక్కేది కాదు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు శాసనాల వెంట, తాటాకుల వెంట జీవితాలు ధారపోశారు. వలపలగిలక ఎక్కడుందో, మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేని ఆకు మీద పద్యం ఎక్కడ విరగాలో వాళ్ళకు తెలుసు. ఆ విద్యకూ టొరంటోలో నేర్పే విద్యకూ అక్షరాలే తేడా. ప్రతులు పోల్చడం, పాఠభేదాలు గుర్తించడం, రాయసగాడి పొరపాటును పసిగట్టడం – పని ఒకటే.

తర్వాత బతుకెలా?

ఈ ప్రశ్న దాటవేయడం తల్లిదండ్రులకు న్యాయం కాదు. ఆచార్య పదవులు చాలా తక్కువ, పోటీ ఎక్కువ. పిహెచ్.డి. చేసినవారందరికీ అటువంటి ఉద్యోగం దొరకదు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో పిహెచ్.డి. విద్యార్థులకు ఖర్చులకు సాయం ఉంటుంది. ఎం.ఏ.కు ఉంటుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఎం.ఏ.తో ఆపినవారు గ్రంథాలయాలు, ప్రభుత్వ దస్తావేజుల భాండాగారాలు, మ్యూజియంలు, ప్రచురణ సంస్థలు, బడుల వైపు వెళతారు. వీటిలో చాలావాటికి ఇంకొక శిక్షణ కలుపుకోవాలి. కొందరు లా చదువుతారు. మూలం చూడకుండా మాట అనని అలవాటు అక్కడా పనికొస్తుంది. మా అమ్మాయి ఇప్పుడు దస్తావేజులు భద్రపరిచే కొలువులో ఉంది. జీతం ఇంజనీరు జీతం కాదు. కాని సోమవారం ఉదయం విసుక్కుంటూ వెళ్ళడం నేను చూడలేదు.

ఇంట్లో ఎవరైనా ఈ చదువు మాట ఎత్తితే "ఉద్యోగం వస్తుందా?" అన్న ప్రశ్నతో పాటు ఇంకో మూడు అడగండి. లాటిన్ ఎప్పుడు మొదలుపెడతావు? అది బి.ఏ.లోనే మొదలుకావాలి, ఎం.ఏ. దాకా ఆగితే ఊపిరాడదు. ఏ గురువు దగ్గర, ఏ విషయం మీద పనిచేస్తావు? ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ మూడింటికీ జవాబు సిద్ధంగా ఉన్న పిల్లకు అడ్డం చెప్పనక్కర్లేదు.

నాలుగో ప్రశ్న మాత్రం మనం మన సంఘాన్ని అడగాలి. ఆదివారం తెలుగు బడిలో అ ఆలు దిద్దించి, పద్యం అప్పజెప్పించి ఆపుతున్నాం. పెద్ద పిల్లలకు ఏడాదికి ఒక్కసారి ఒక శాసనపు నకలు ముందు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవమంటే ఎలా ఉంటుంది? మోటుపల్లి శాసనంతోనే మొదలుపెట్టవచ్చు. సముద్రం దాటి వచ్చినవాళ్ళకు భయం లేదని రాజు రాసి ఇచ్చిన మాట అది. సముద్రాలు దాటి వచ్చిన మన పిల్లలు చదవడానికి అంతకన్నా తగిన పాఠం నాకు కనిపించలేదు.